పేరు ప్లే గెలిచింది

ఫెయిర్ ప్లే రూలు గెలిచింది రా, రాజూ! జట్టు రాబడికి మించి ఏ యజమానీ దాని మీద డబ్బు కుమ్మరించకూడదని మన పోదనూరు ఫుట్‌బాల్ లీగు ఒప్పుకుంది. నువ్వు కన్నుమూసే ముందు వారం కూడా టీకొట్టులో వాదించింది ఇదే. లేకుంటే మిల్లు ఓనరు, ఆ ముదలాళి, మన జట్టును కొని, తన మిల్లు పేరు పెట్టేవాడు.

“దుడ్డుండేవాడు కొంటాడు, నీకేమి తాతా?” అన్నారు లీగు మీటింగులో వాడి మనుషులు.

“మాకు పేరు ప్లే కావాల!” అని అరిచాను. అందరూ నవ్వారు.

“పేరు కాదు నాయినా, ఫెయిరు” అని నువ్వు దిద్దినట్టే వినబడింది. అయినా ఊరి పేరే కదరా నిలిచింది!

బయట మైదానంలో, సాయంత్రపు ఎండలో పిల్లలు తన్నిన బంతి పైకి లేచి, దిగడం మరిచినట్టు తేలింది. ఉడుమలైపేట అత్తకు చెప్పాలి. మేలూరు చిన్నాయనకు చెప్పాలి. నీ పదో నంబరు చొక్కా ఉతికి మడుస్తున్న మీ అమ్మకు, మడత పూర్తయ్యాక చెప్పాలి.