వెంట వచ్చేవారి షరతు

నరసరావుపేట,
ఏప్రిల్ 9, 1986

ప్రియమైన ఖలందర్ గారికి,

భర్త పేరు కాగితం మీద పెట్టకూడదని అత్తయ్య అంటున్నారు. "మరి కవరు మీద ఎవరి పేరు రాయమంటారు, పోస్టుమాన్ పేరా?" అని అడిగాను. ఆ వాదంలో ఆమె ఓడిపోయారు. ఈ వాదంలో ఓడిపోవడానికి మీరు సిద్ధంగా ఉండండి.

కెన్యాలోని ఆ శేఠ్ గారి పత్తి జిన్నింగ్ మిల్లుకు మిమ్మల్ని మెకానిక్‌గా ఎంపిక చేశారన్న వాక్యం దగ్గర మన పాప హసీనాను ఎత్తుకుని గిరగిరా తిప్పాను. తరువాతి వాక్యం దగ్గర దింపేశాను. "మొదటి సంవత్సరం నేను ఒక్కణ్ణే వెళ్లాలి, కుటుంబం సంగతి ఆ తరువాత పరిశీలిస్తారట" అని రాశారు. పరిశీలిస్తామనడం హామీ కాదు, హామీ ఇవ్వకుండా తప్పించుకునే మర్యాద. మా పెద్దమామ నాకు చెవికమ్మలు చేయించే సంగతి మన పెళ్లినాటి నుంచీ పరిశీలిస్తూనే ఉన్నాడు.

జీతం దగ్గర నాకు పేచీ లేదు. అది ఈ ఊరి మిల్లులు కలలో కూడా ఇవ్వని జీతం. కాని పరాయి దేశానికి పిలిచేవాడు ఇవ్వవలసింది జీతం ఒక్కటే కాదు. మనం ముగ్గురం ఒకే విమానంలో వెళ్లాలి. లోపలి గడియ ఉన్న ఇల్లు మనకంటూ ఉండాలి. జబ్బు చేస్తే వైద్యం వాళ్లదే, గడువు ముగిస్తే తిరుగు ప్రయాణం వాళ్లదే. ఇవన్నీ టీ తాగుతూ చెప్పే మాటలుగా కాక, ఒప్పందంలో అక్షరాలుగా ఉండాలి.

ఇక నా సంగతి. బి.ఎడ్. పూర్తయింది. లెక్కలు చెప్పడం నాకు కాలక్షేపం కాదు. కాలేజీ చర్చావేదిక మీద నేను గెలిచిన షీల్డులన్నీ కలిపినా, ఒక పిల్లకు భిన్నాలు అర్థమైన క్షణానికి సాటిరావు. అక్కడ నేను పని చేసుకోగలగాలి. పెళ్లిచూపుల నాడు మిమ్మల్ని అడిగింది ఇదొక్కటే, మీరు తలూపారు. ఆ తలూపుడును ఇప్పుడు బొంబాయి ఆఫీసులో మేనేజరు ముందు మాటగా మార్చండి.

మీరు అక్కడ చేతులు కట్టుకుని నిలబడతారని నాకు తెలుసు. కూర్చోండి. నిలబడి అడిగితే విన్నపం, కూర్చుని అడిగితే బేరం.

మీ పక్షాన, మీకు ఎదురుగా,
ఖదీజా

*

బొంబాయి,
ఏప్రిల్ 20

ప్రియమైన ఖదీజాకు,

కూర్చున్నాను. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. మాట్లాడినంతసేపూ నేను ఊగుతూనే ఉన్నాను, మేనేజరు మాత్రం ఊగలేదు.

"భార్య, పాప నాతోనే రావాలి సార్" అన్నాను.

"మిల్లుకు వెళుతున్నావా, పెళ్లికి వెళుతున్నావా?" అన్నాడు.

నాకు నీలాగా మాటలు రావు. యంత్రాల సంగతే వచ్చు, అదే చెప్పాను. "సార్, బెల్టు ఒక చక్రానికే తగిలిస్తే మిల్లు తిరగదు." ఆయన నవ్వి, టీ తెప్పించాడు. అక్కడి నుంచి పని సులువైంది. ముగ్గురికీ విమానం టిక్కెట్లు, మిల్లు కాలనీలో ఇల్లు, ఆసుపత్రి, తిరుగు ప్రయాణం, అన్నీ ఒప్పుకున్నాడు. లోపలి గడియ ఉందా అని కూడా అడిగాను. "ఉంది బాబూ, ఉంది" అన్నాడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: 'వెంట వచ్చే కుటుంబ సభ్యులు అక్కడ ఏ ఉద్యోగమూ చేయరాదు.' ఆడవాళ్లు పనుల్లోకి దిగితే కాలనీలో తగాదాలు వస్తాయట. ఎంత చెప్పినా కదల్లేదు.

నాతో గదిలో ఉంటున్న నకరికల్లు సుభానీ కూడా ఇదే పనికి వచ్చాడు. నా కబురు విని మండిపడ్డాడు. "ఓ ఖలందరన్నా, పెళ్లానికి కూడా టిక్కెట్టిస్తానంటే ఇంకా ఏంది నీ గోల? నన్ను ఒంటిగా పొమ్మన్నా పోతా, చానా సంతోషంగా పోతా!" అన్నాడు.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. నాలుగు గెలిచి ఒకటి వదులుకున్నాం, అంతే కదా. కొన్నాళ్లు హాయిగా కూర్చో. వంట చెయ్యి, పుస్తకాలు చదువు, హసీనాకు ఎక్కాలు నేర్పు. నీ జవాబు రాగానే సంతకం చేస్తాను.

నీ రాక కోసం ఇప్పటి నుంచే ఇల్లు ఊహించుకుంటున్న,
ఖలందర్

*

నరసరావుపేట,
మే 2

ప్రియమైన ఖలందర్ గారికి,

సంతకం చేయకండి.

బెల్టు మాట చదివి గర్వపడ్డాను. ఆ తరువాతి పేరా చదివి మాచర్ల బస్సు ఎక్కాను. ఈ ఎండల్లో రెంటచింతల దాటేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అయినా వెళ్లాను. ఎందుకంటే, అదే కెన్యా మిల్లులో ఫిట్టరుగా చేసి, గడువు తీరకుండానే తిరిగి వచ్చిన జాన్ సాహెబ్ మాచర్లలో ఉన్నాడని మీ అన్న సర్దార్ గారు చెప్పారు. జీతం బాగా వచ్చే ఉద్యోగాన్ని మధ్యలో వదిలేసి ఎవరైనా ఎందుకు వస్తారు? అది తెలుసుకోకుండా వాదించడం చీకట్లో రాళ్లు వేయడమే.

ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే వినండి. "ఏం చెప్పమంటావమ్మా! మిల్లు మంచిది, ఇల్లు మంచిది. పిల్లోడికి మటుకు ఎనిమిదేళ్లొచ్చినా అక్షరమ్ముక్క రాదు. కాలనీలో బడి గది ఉంది, పంతులే లేడు. ఉన్నాయన ఎప్పుడో పాయె. మా ఆడది దినాం ఒకటే పోరు. 'నువ్వు మరలు బాగుచేస్తన్నావు సరే, వీడి బతుకెవరు బాగుచేస్తరు?' అని. మూటాముల్లె సర్దుకొని వచ్చినాం. మేమొక్కళ్లమేనా? నా ముందరా పోయినారు, నా ఎనకాలా పోయినారు."

విన్నారా? ఆ కంపెనీకి మెకానిక్కులు దొరకడం కష్టం కాదు, నిలవడం కష్టం. నిలవకపోవడానికి కారణం బడి లేకపోవడం. బడి లేకపోవడానికి కారణం పంతులు లేకపోవడం. చదువుకున్న భార్య ఎవరైనా అక్కడికి వస్తే, ఆమె పని చేయకూడదని షరతు రాసిందీ వాళ్లే. దాహంతో చస్తూ బావికి తాళం వేసుకున్నవాణ్ణి ఏమనాలి?

దీనితో పాటు ఆ ఉపాధ్యాయ ఉద్యోగానికి నా దరఖాస్తు పంపుతున్నాను. మేనేజరు చేతికివ్వండి. జాన్ సాహెబ్ చెప్పిందంతా చెప్పండి.

మీరు 'హాయిగా కూర్చో' అన్నారు. మిమ్మల్ని ఏ పనిముట్టూ ముట్టనివ్వకుండా అన్నం పెట్టి కూర్చోబెడితే ఎన్నాళ్లు హాయిగా ఉంటారో చెప్పండి. ఆ షరతు మీద సంతకం పెట్టేట్లయితే మీరు వెళ్లండి, నేనూ హసీనా ఇక్కడే ఉంటాం. ఇది అలక కాదు, నిర్ణయం.

వెనక్కి తగ్గని,
ఖదీజా

*

బొంబాయి,
మే 19

ఖదీజాకు,

నువ్వు చెప్పినట్లే చేశాను. మేనేజరుకు జాన్ సాహెబ్ సంగతి చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "మా మిల్లు గుట్టు మాకే చెప్పడానికి వచ్చావా?" అన్నాడు. నీ దరఖాస్తు చదవకుండానే ట్రేలో పడేశాడు. నా నిర్ణయం చెప్పడానికి వారం గడువు అడిగాను. వారం తరువాత వెళితే, ఆ పని సుభానీకి ఇచ్చామన్నాడు. సుభానీ ఒంటరిగా వెళ్లడానికి ఒప్పుకుని, అన్ని షరతుల మీదా సంతకం పెట్టాడట.

వాడి తప్పేమీ లేదు. ఆ రోజు వాడు నా ఎదుట అన్నం తినలేకపోయాడు. "అన్నా, నేను నీ నోటికాడిది లాక్కోలా. వాళ్లే పిలిచిండ్రు" అన్నాడు. నేనే వడ్డించి తినిపించాను.

ఊళ్లో మిల్లు పని మానేసి వచ్చిన సంగతి నీకు తెలుసు. ఏ ముఖం పెట్టుకుని మళ్లీ అక్కడికి వెళ్లను? ఇక్కడ ఒక అచ్చాఫీసులో యంత్రాలు చూసే పని దొరికింది. కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను.

నీ వాదం గెలిచింది. నా ఉద్యోగం పోయింది. హసీనా 'అబ్బాజాన్ ఎప్పుడొస్తాడు' అని అడిగితే ఏం చెబుతావో కూడా నువ్వే ఆలోచించుకో, మాటలు నీకే కదా వచ్చేది.

నేను రాసేదాకా ఉత్తరం రాయవద్దు.

ఖలందర్

*

నరసరావుపేట,
జూన్ 27

ప్రియమైన ఖలందర్ గారికి,

రాయవద్దన్నారు. ఇన్నాళ్లూ పాటించాను. మీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఎవరితోనూ వాదించలేదు. నాకు జ్వరమేమోనని అత్తయ్య నుదురు తాకి చూశారు. షరతు తప్పని ఇప్పటికీ అంటాను. కాని దాని ఖరీదు మీరు ఒక్కరే కట్టారు. ఆ సంగతి మరిచిపోయే మనిషిని కాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో వినండి. పోయిన వారం మన వీధి చివర చలమయ్య గారి పత్తి కొట్టుకు నా పేరున బొంబాయి నుంచి ట్రంకాల్ వచ్చింది. దరఖాస్తులో ఆ నంబరే ఇచ్చాను. పరుగున వెళ్లాను. అవతల ఉన్నది మేనేజరు కాదు, శేఠ్ గారే. కెన్యా నుంచి వచ్చి, ట్రేలోని కాగితాలన్నీ తిరగేశారట.

"గట్టిగా అరువమ్మా, ఆఫ్రికా చానా దూరం!" అని చలమయ్య గారు పక్కన నిలబడి అరుస్తున్నారు.

"బొంబాయి నుంచి, బాబాయ్!"

"అదీ దూరమే, అరువు!"

కొట్లో కూలీలందరూ పత్తి బస్తాలు దింపి నిలబడ్డారు. నా జీవితంలో అంత శ్రద్ధగా విన్న సభను చూడలేదు. "ఒకే గదిలో అన్ని తరగతులూ చెప్పగలవా?" అని శేఠ్ గారు అడిగారు. "చెప్పగలను, కాని ఎందుకు చెప్పాలి? రెండో గది కట్టించండి" అన్నాను. ఆయన నవ్వారు. రెండో గదికి ఒప్పుకున్నారు. ఉద్యోగం నాది. ఇల్లు, వైద్యం, ప్రయాణం, అన్నీ నాతోపాటు నా భర్తకూ పాపకూ కూడా.

ఒప్పందం నకలు రిజిస్టరు పోస్టులో వచ్చింది. చదివాను. 'వెంట వచ్చే కుటుంబ సభ్యులు ఏ ఉద్యోగమూ చేయరాదు' అన్న షరతు అలాగే ఉంది. ఈసారి వెంట వచ్చేది మీరు.

'కొన్నాళ్లు హాయిగా కూర్చోండి' అని నేను రాయగలను. రాయను. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు. అసలు కాగితం మేనేజరు దగ్గరే ఉంది. మీరు వెళ్లి ఆ షరతు తీసేయించండి. అది పోకపోతే నేను సంతకం చేయను. ఉద్యోగం పోతే పోనివ్వండి. ఒకరు పని చేస్తూ ఒకరు గోడలు చూసే ఇల్లు నాకు వద్దు.

భార్య వెంట వెళ్లడం నామోషీ అని మీరు అనుకుంటారేమోనని అత్తయ్యతో అన్నాను. "నామోషీ ఏంది బేటీ? బస్సులో డ్రైవరు ఎనకమాల కూర్చోలా వాడు? అప్పుడు పోయిందా పరువు?" అన్నారు. ఈ వాదంలో గెలిచింది ఆమే.

మీ జవాబు వచ్చేదాకా శేఠ్ గారికి అవుననీ కాదనీ చెప్పను.

మీ,
ఖదీజా

*

బొంబాయి,
జూలై 8

ప్రియమైన ఖదీజాకు,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. ఇప్పుడు నన్ను 'బేగం గారి సామాను' అంటున్నారు. "సామాను తిన్నదా? సామానుకు తాడు కట్టారా?" అని ఒకటే గోల. ప్రయాణం ఖాయమయ్యేదాకా ఇక్కడే ఉన్న సుభానీ అందరికంటే ఎక్కువ నవ్వాడు. కొట్టబోయాను. కొట్టబోతూ ఆగిపోయాను. నేను నిన్ను హాయిగా కూర్చోమన్నప్పుడు నిన్ను పిలిచింది కూడా ఇదే పేరుతో కదా అనిపించింది.

ఆఫీసుకు వెళ్లాను. దారి పొడవునా నీ వాదాలన్నీ వల్లె వేసుకున్నాను. నోరు తెరిచి, "ఈ షరతు నాకు కుదరదు సార్" అన్నాను. మొదటి వాదం ఇంకా మొదలే పెట్టలేదు.

"అరే, ఇది నీకెందుకు వర్తిస్తుంది? మగవాడివి! ఇది ఆడవాళ్ల కోసం పెట్టింది" అంటూ మేనేజరు పెన్ను తీసి ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం గీకాడు. మిల్లులో రెండో షిఫ్టుకు ఇంకో మెకానిక్ కావాలట, అదీ నాకే ఇస్తానన్నాడు. నేను తాగుతున్న టీ కూడా పూర్తి కాలేదు.

సంతోషంగా మెట్లు దిగాను. కింది మెట్టు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నీ డిగ్రీ, నీ దరఖాస్తు, నువ్వు మాచర్ల ఎండలో తిరిగిన తిరుగుడు, ఇన్నీ కలిసి కదిలించలేని షరతును నా మీసం ఒక్కటే కదిలించింది. నేను దానికోసం చేసిందేమీ లేదు, పెంచడం తప్ప.

మళ్లీ పైకి వెళ్లాను. "సుభానీ కాగితంలో కూడా ఆ షరతు ఉంది సార్. రేపెప్పుడైనా వాడి భార్య అక్కడికి వస్తుంది. ఆమె కుట్టుపని చేస్తుంది. అది కూడా కొట్టేయండి" అన్నాను.

"నీకేం సంబంధం?"

"ఇప్పటిదాకా లేదు సార్. ఇవాళే కలిగింది."

"నువ్వు భార్య పక్కన చేరి చెడిపోయావు" అన్నాడు. కొట్టేయలేదు. నేనూ లేవలేదు. చివరికి ప్యూను వచ్చి నన్ను బయటికి తీసుకువచ్చాడు. బొంబాయికి వచ్చాక నాకు దక్కిన మొదటి గౌరవం ఇదే అనిపించింది.

సుభానీకి చెప్పాను. వాడు ఈసారి నవ్వలేదు. "వాళ్లు తీసేయకపోతే ఏం చేద్దామన్నా?" అని అడిగాడు. అక్కడికి చేరాక శేఠ్ గారి ముందు నువ్వు మాట్లాడతావని, నీ పక్కన నేను కూర్చుంటానని చెప్పాను. అడగకుండానే నీ తరఫున మాట ఇచ్చేశాను, తిట్టదలచుకుంటే తిట్టు.

హసీనాను తీసుకుని బయలుదేరి రా. ముందు నువ్వు సంతకం చెయ్యాలట, నీ పేరు కింద నాకు చోటు ఉంచారు.

నీ వెంట వచ్చే,
ఖలందర్