చింతపండు లారీలో సంసారం

డ్యాము క్యాంపు, కృష్ణగిరి
30-1-1957

ప్రియమైన పాపక్కకు,

ముందు మంచి మాట చెప్పి, క్షేమం తర్వాత అడుగుతాను. మనకు ఇల్లు దొరికింది.

కృష్ణగిరి పాతపేటలో పెంకుటిల్లు. ఒక గది, చిన్న వంటిల్లు, ముందర అరుగు, వెనక బావి. కిటికీ తీస్తే కొండా, కొండమీది కోట గోడా కనబడతాయి. పోయిన ఆదివారం చూసి వచ్చినప్పటినుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. నిన్న డ్యాము గోడ మీద రాళ్లు పేరుస్తూ ఆలోచన ఎక్కడో పెట్టి, మేస్త్రీ శేషప్ప చేత చీవాట్లు తిన్నాను కూడా.

ఇంటామె పేరు రామలక్ష్మమ్మ. భర్త లేడు, పక్క వాటాలోనే ఉంటుంది. నేను అడగగానే, “ఒంటిగా ఉండే మొగోళ్లకి ఇయ్యనప్పా. సంసారముండే వాళ్లకే” అన్నది. నాకూ సంసారం ఉంది, పెళ్లాం బాగలూరులో ఉంది అన్నాను. “అయితే ఈ ఫిబ్రవరి ముగిసే లోపల పిలుచుకోని రా. ఆపైన నిలిపి పెట్టేదానికి లేదు” అన్నది.

డ్యాము పని ముగిసినా కాలువల పని ఇంకా కొన్నేళ్లు ఉంటుందట. పాత సైకిలు ఒకటి కుదిరితే చాలు, రోజూ పనికి పోయి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాను. రెండేళ్లుగా రేకుల షెడ్డులో నలుగురితో కలిసి వండుకున్న కూడు తింటున్నాను. నీ చేతి సంగటి తినబోతున్నానంటే నాకే నమ్మకం కుదరడం లేదు.

అమ్మ సంగతి కూడా ఆలోచించాను. ఆమె బాగలూరు విడిచి వచ్చే మనిషి కాదు. తన తమ్ముడు ఆదెప్ప మామ ఇంట్లో ఉంటుంది. మామకు చెబుతాను. నెలకొకసారి మనం పోయి చూసి వద్దాం.

సామాను కోసం లారీ మాట్లాడే స్తోమత మనకు లేదు. బస్సు మీద పట్టినంతే తేవాలి. మంచం వద్దు. రుబ్బురోలు వద్దు, పెరట్లో ఒకటి ఉంది. నేను సెలవు పెట్టి వస్తాను. ఈలోగా ఏది ఉంచాలో, ఏది తేవాలో నువ్వు చూసుకో.

నువ్వు దిగబోయే అరుగును ఇప్పుడే ఊడ్చి వచ్చిన,
నీ నాగన్న


బాగలూరు
6-2-1957

ప్రియమైన మీకు, పాపక్క నమస్కారాలు.

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. చదువుతూ కూర్చుంటే పొయ్యి మీద సంగటి అడుగంటిపోయింది. మాడిన సంగటి కూడా ఆ రోజు రుచిగానే ఉంది.

ఆ రోజే సర్దడం మొదలుపెట్టాను. మూటలకు గోనె సంచులు కొనే పని లేదు, మన ఇంట్లో కంబళ్లకు కొదవా? అద్దాన్ని మీ నల్ల కంబళిలో చుట్టాను. పెద్ద అండాలో చెంబులు, చెంబుల్లో గరిటెలు పెట్టి, సందుల్లో పాత చీరలు కుక్కాను. పక్కింటి కాళమ్మ రెండు వెదురు తట్టలు ఇచ్చి, “చేరినాక ఎవురి చేతనన్నా పంపించు పాపక్కా. కొత్తవి యాడ కొంటావు?” అన్నది.

మీరు బస్సు అన్నారు గానీ, నాకు అంతకన్నా మంచి దారి దొరికింది. కృష్ణగిరినుంచి చింతపండు మూటలు తెచ్చి మన సంతలో దింపే లారీ ఉంది కదా, అది తిరిగి పోయేటప్పుడు ఖాళీగానే పోతుంది. డ్రైవరు శ్రీరామప్పను నేనే పోయి అడిగాను. “వట్టిగా పోయే బండే కదమ్మా, డీజలుకి కొంచెం ఇయ్యండి చాలు. ఒక మాట మాత్రం. ఆడమనిషిని ఒంటిగా ఎక్కించుకొని అంత దూరం పోయేదానికి లేదు. ఇంటి పెద్దోళ్లు ఎవురన్నా తోడుండాల” అన్నాడు. మీరు వస్తున్నారు కదా, అదేమంత కష్టం అన్నాను. లారీ అయితే మంచం కూడా పడుతుంది. మంచం వద్దన్న మాట మీరు మరిచిపోండి.

అత్త సంగతి మాత్రం నాకు మనసులో గుచ్చుకుంటున్నది. మీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. ఇల్లు, బావి, కొండ అన్నీ తల ఊపుతూ విన్నది. ఆదెప్ప మామ మాట దగ్గరికి వచ్చేసరికి లేచి, గొర్రెలకు ఆకు వేయడానికి పోయింది. అప్పటినుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. నేను సర్దుతుంటే గడపలో నిలబడి చూస్తుంది. ఏమత్తా అంటే, “పోండమ్మా పోండి, మీకు బాగుంటే సరి” అంటుంది. మనం ఊరు మారడం ఆమెకు ఇష్టం లేదేమో. మీరు వచ్చి ఒక మాట చెబితే మెత్తబడుతుంది. తొందరగా రండి.

మూటల మధ్య కూర్చుని రాస్తున్న,
మీ పాపక్క


డ్యాము క్యాంపు
16-2-1957

ప్రియమైన పాపక్కకు,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాకు సెలవు దొరకలేదు. “వానలు వచ్చే లోపల గోడ లెయ్యాల. ఇప్పుడు ఎవురినీ ఊరికి పంపేదానికి లేదు నాగన్నా, నా మీద కోపం పెట్టుకోవద్దు” అన్నాడు శేషప్ప. ఆయన మాటలోనూ తప్పు లేదు. ఆదివారాలు కూడా పని చేస్తున్నాం.

రామలక్ష్మమ్మను ఇంకొక నెల ఆగమని కబురు పంపి అడిగాను. వేరే సంసారమెవరో వచ్చి ఇల్లు చూసి పోయారట, నెల దాటితే ఆగలేనని చెప్పి పంపింది. పైగా నువ్వు అమ్మ గురించి రాసింది చదివినప్పటినుంచి నాకూ మనసు బాగలేదు. ఆమెను నొప్పించి మనం కట్టుకునే సంసారం ఎందుకు?

అందుకే ఇల్లు వద్దని నిన్న రామలక్ష్మమ్మకు చెప్పి పంపాను. మూటలు విప్పెయ్యి పాపక్కా. వచ్చే ఏడాది చూద్దాం. నువ్వు శ్రీరామప్పతో మాట్లాడి వచ్చిన సంగతి షెడ్డులో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్లు ఎప్పుడు కాపురం అని అడిగితే తల దించుకుంటున్నాను.

నీ మీద బెంగతో,
నాగన్న


పాతపేట, కృష్ణగిరి
21-2-1957

ప్రియమైన మీకు,

పైన రాసిన ఊరి పేరు ఇంకొకసారి చూడండి. పొరపాటున రాయలేదు.

మీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఎప్పటిలాగే అత్తకు చదివి వినిపించాను. మూటలు విప్పెయ్యి అన్న చోట చదవడం ఆపి కాగితం మడిచాను. రాగులు చెరుగుతున్న అత్త చేట పక్కన పెట్టి, “ఆ లారీ ఎప్పుడు పోతుంది?” అని అడిగింది.

“బుధవారం సంత అయినాక. తోడు పెద్దోళ్లు లేనిది వాడు ఎక్కించుకోడు కదత్తా.”

“నాకన్నా పెద్దోళ్లు ఎవురే వానికి?”

నేను నమ్మలేక ఆమె మొహం చూశాను. “నువ్వొస్తావా అత్తా? నీకు ఊరు విడిచేది ఇష్టం లేదు కదా?”

“అట్లని నేను యాడ చెప్పినాను? నీ మొగుడు కాగితంలో రాసినాడు, నువ్వు చదివినావు. ఆదెప్ప ఇంట్లో ఉంటుందని మీకు మీరే అనుకున్నారు. నువ్వూ వస్తావామ్మా అని ఇద్దరిలో ఒకరన్నా నన్ను అడిగినారా?”

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, మాతో రా అత్తా అన్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, “ఇప్పుడు అడిగినావు కదా, ఇంక లెయ్యి. ఆ అండా నువ్వు కట్టింది ఏమీ బాగలేదు. లారీ ఎగిరితే చెంబులన్నీ సొట్టలు పడతాయి” అన్నది. ఇన్నాళ్లూ గడపలో నిలబడి చూసింది ఇదన్నమాట.

నేను కట్టినవన్నీ విప్పి తానే కట్టింది. అండాలో రాగులు పోసి, చెంబులను వాటిలో పూడ్చింది. రాగులకు వేరే సంచి అక్కరలేకపోయింది, చెంబులు గలగలమనకుండా వచ్చాయి. గొర్రెలను ఆదెప్ప మామకు పాలుకు ఒప్పజెప్పింది, పుట్టే పిల్లల్లో సగం మనవి. అక్కా, నన్ను విడిచి పోతావా అని మామ కళ్లనీళ్లు పెట్టుకుంటే, “కృష్ణగిరి ఏమన్నా సముద్రానికి ఆ పక్కనుందా? బస్సెక్కితే వస్తావు” అన్నది.

శ్రీరామప్ప ఆమెను చూడగానే ముందు తలుపు తీశాడు. అత్త లారీ ఎక్కడం ఇదే మొదలు. శూలగిరి దగ్గర మలుపుల్లో నేను కళ్లు మూసుకున్నాను. ఆమె మాత్రం, “ఇంకా కొంచెం జోరుగా పోలేవా నాయనా?” అని అడిగింది. వెనక మన మంచం, దాని మీద కాళమ్మ తట్టలు ఊగుతూ వచ్చాయి.

ఇక్కడికి చేరేసరికి పొద్దు వాలుతున్నది. లారీ చప్పుడు విని రామలక్ష్మమ్మ బయటికి వచ్చింది. మేమెవరో చెప్పగానే, “అదేందమ్మా, ఇల్లు వద్దని మీ ఇంటాయన చెప్పి పంపినాడే” అన్నది. అత్త లారీలోంచి దిగుతూనే అందుకుంది.

“వాడు డ్యాము కట్టేవాడమ్మా. ఇంట్లో ఉండేది మేము. కావాలో వద్దో మమ్మల్ని అడుగు.”

రామలక్ష్మమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “చూసి పోయినోళ్లు గది చిన్నదని మళ్లా రాలేదు. మీకు సరిపోతుందా?” అని అడిగింది. “ముగ్గురం. చాలు” అన్నది అత్త. ఆ ముగ్గురం అన్న మాట వినడానికి మీరు లేకపోయారే అనిపించింది.

తాళం తీసి, పాలు పొంగించి, మంచం వేసుకునేసరికి వీధిలో దీపాలు వెలిగించారు. మంచం వేస్తే గదిలో తిరగడానికి చోటు తక్కువే. అందుకని అత్త అరుగు తనదన్నది. ఈ ఉదయం కిటికీ తీసి కొండ చూశాను. మీరు రాసినదానికన్నా దగ్గరగా ఉంది.

ఈ ఉత్తరం శ్రీరామప్ప చేతికి ఇస్తున్నాను, ఇవాళ డ్యాము వైపు పోతున్నాడట. శేషప్ప గారిని బతిమాలి ఆదివారం ఒక్క పూట అడగండి. బాగలూరు దాకా కాదు, ఇదిగో ఇక్కడికే కదా. అత్త ఇందాక వీధి చివరిదాకా పోయి, డ్యాముకు పోయే బస్సు యాడ నిలుస్తుందో కండక్టరునే అడిగి వచ్చింది. “ఆదివారం మధ్యాహ్నానికి వాడు రాకపోతే నేనే పోయి పిలుచుకోని వస్తానని రాయి” అంటున్నది.

రాశాను.

మన ఇంటినుంచి,
మీ పాపక్క