విసనకర్ర మీ దగ్గరే ఉంచండి

తైనాన్, తైవాన్

జానపద ఉద్యానవనం కార్యాలయంలోని చువాంగ్ గారికి,

మా అత్తగారి విసనకర్ర దొరికిందని ఫోన్ చేసి చెప్పినందుకు ఎంతో కృతజ్ఞతలు. పిడి మీద పేరూ నంబరూ ఉండబట్టి మమ్మల్ని కనుక్కోగలిగారు. ఆవిడ చీపురు మీద కూడా అలాగే పేరు రాసుకుంటారు.

అయితే ఆవిడ దాన్ని మరిచిపోలేదండి. మీ పాతకాలపు పెళ్లి ఊరేగింపులో పెళ్లికూతురుగా ఎవరు కూర్చుంటారని అడగ్గానే, ఎనభై దాటిన మనిషి అందరినీ తోసుకుని వెళ్లి పల్లకీ ఎక్కారు.

"కదలకు పెళ్లికూతురా, భుజాలు పడిపోతున్నాయి!" అన్నాడు ఒక బోయీ.

"అన్నం తినే వచ్చావా? మొయ్యి!" అని కసిరారు.

పల్లకీ కదలగానే విసనకర్ర బయటికి విసిరేశారు. పెళ్లికూతురు తన కోపాన్ని పుట్టింటి దగ్గరే వదిలేయాలని అలా పారేయడం మీకు తెలిసిందే.

"ఇప్పుడా, నాన్నమ్మా?" అని నవ్వింది మా అమ్మాయి.

"మరెప్పుడే? పాలు తాగే వయసులోనే నన్ను కోడలిగా పెంచుకుంటామని అత్తింటివాళ్లు తెచ్చేశారు. నా పెళ్లంటే ఆ గదిలోంచి ఈ గదిలోకి మారడమే. పల్లకీ ఏది, పారేయడానికి దారి ఏది?"

ఆవిడ కోపంతో ఇన్నేళ్లు కాపురం చేశాను గానీ, అది ఎక్కడిదో నాకు మీ దగ్గరే తెలిసింది. నిన్న గంజి పలచనైందని నా మీద లేచి, మధ్యలో ఆగి, "అయ్యో, పారేశాను కదూ!" అని నవ్వేశారు.

దయచేసి దాన్ని పంపకండి. పారేసినదాన్ని పుట్టింటివాళ్లే తీసి దాచాలి. ఆవిడకు వాళ్లెవరో తెలియదు. తీసింది మీరు.

పుట్టింటికి ఎప్పుడు తీసుకెళ్తావని అప్పుడే నన్ను అడుగుతున్నారు.

మీ ఇంటి ఆడపడుచు త్సాయ్-హా గారి కోడలు