నిమ్మకాయల తప్పు కాదు

మాలకొండక్కా,

మీ చేలో కోత మిషన్ తోలినవాణ్ణి రాస్తున్నాను. ఫోన్లో మీ గొంతు వినే ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను.

నేను చర్చికి పోయేవాణ్ణి, నొచ్చుకుంటానేమోనని ఈసారి మీరు మిషన్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదు. అందుకే అది చేలో ఆగిపోయిందని, వానకు పైరు పడి వడ్లు మొలకెత్తాయని మీ ఇంటాయన ఓబులేసన్న మీతో మాట మానేసినాడట. మీరూ అదే నమ్ముతున్నారట.

అది కాదక్కా. ఆ పొద్దున పైపు కారి హైడ్రాలిక్ ఆయిల్ తగ్గింది. మబ్బు కమ్ముతోంది, నెల్లూరు పోయి తెచ్చే వ్యవధి లేదని, చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోసినాను. ఇంజిన్ ఆయిల్ పని అరుగుదల ఆపడం. హైడ్రాలిక్ ఆయిల్ బలాన్ని మోసి మిషన్‌ను కదిలించాలి. పదేళ్లుగా తెలిసిన తేడానే. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. నురుగు కట్టి పంపు కాలిపోయింది.

దానంతటదే పోయిందని మీతో అబద్ధం చెప్పినాను. మీరు మజ్జిగ చేతికిచ్చి, "నువ్వేం జేస్తావు నాయనా, తప్పు నాదే" అన్నారు. తాగి గ్లాసు తిరిగిచ్చినాను.

పోయిన పంటను నేను తేలేను. ఈ కాగితమన్నా అన్నకు చదివి వినిపించండి. నిమ్మకాయలు మీరు మానుకున్నది నా కోసమే కదక్కా.