శబ్దం పోయిన సినిమా

అమ్మా, నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు.

మా యూనివర్సిటీ హాల్లో ప్రతి శుక్రవారం విదేశీ సినిమాలు వేస్తున్నారు. మాటలు ఒక్క ముక్క అర్థం కావు గానీ, తెర కింద వాటి అర్థం మన తెలుగులో రాసి చూపిస్తారు. మొన్న సినిమా సగంలో సౌండు పోయింది. ఎలక్ట్రీషియన్ని కదా, ఇక నా పని అయిపోయిందనుకుని టెస్టరు పట్టుకుని పరిగెత్తాను. సినిమాలు వేయించే ప్రొఫెసరమ్మ నన్ను ఆపి, "కంగారు పడకు బాబూ, ఒక్కరైనా లేచారేమో చూడు" అన్నారు. ఎవరూ లేవలేదు. మూడొందల మందీ చదువుకుంటూనే నవ్వారు, చదువుకుంటూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడకి మనసులోనే దండం పెట్టుకుని, నేనూ మెట్టు మీద కూర్చుని చివరిదాకా చూశాను. చూస్తున్నంతసేపూ చెల్లే గుర్తొచ్చింది. చెవులు వినపడని పిల్లకి సినిమా ఎందుకని ఇన్నేళ్ళూ దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళాం. నేనూ వెళ్ళాను.

వచ్చే శుక్రవారానికి పిన్నిని తోడిచ్చి దాన్ని పంపు. బస్సు దగ్గరికి నేనొస్తాను. మోటారు స్విచ్చి షాక్ కొడుతోందన్నావు, నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి. నాన్న కళ్ళజోడు వచ్చిందా? రాకపోతే ఈ కార్డు ఆయనకి నువ్వే చదివి వినిపించు. పిన్నీ బాబాయిలకి నా నమస్కారాలు.

చెల్లికి మాత్రం సైగలతో చెప్పకు. కార్డు దాని చేతికివ్వు, అదే చదువుకుంటుంది.

నీ పెద్దాడు