బొటనవేళ్లతో కొట్టే ఫోను

అక్కా,

ఇవాళ మా విత్తనాల కంపెనీ మేనేజరు ఒక కొత్త ఫోను నా చేతిలో పెట్టాడు. "టైపింగు వచ్చింది మీకే కదా, వాడి చూసి చెప్పండమ్మా. బాగుందంటే ఊళ్లు తిరిగే మనవాళ్లందరికీ కొనేద్దాం" అన్నాడు.

టైపు మిషను మీదుండే అక్షరాలన్నీ దాని మీదున్నాయి. ఒక్కో మీట పెసరగింజంత. ఒకటి నొక్కితే రెండు పడుతున్నాయి. పైగా అంతా బొటనవేళ్లతోనే కొట్టాలట! మిగతా ఎనిమిది వేళ్లూ ఫోన్ని మోయడానికట. ఛీ, ఇదీ ఒక టైపింగేనా? తిరువూరు బస్టాండు పక్కన నీ ఇన్‌స్టిట్యూట్‌లో నా బొటనవేలు స్పేస్‌బార్ దాటితే స్కేలు పడేది. "దానికి అక్షరాలతో ఏం పనే?" అనేదానివి.

చివరికి ఒక్క బొటనవేలితో నీ పేరు కొట్టి చూశాను. తప్పు లేకుండా పడింది. అసలు రోత అప్పుడు పుట్టింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక నీకు కదిలింది ఆ ఒక్క వేలే. దాంతో పోయేదాకా నా అరచేతిలో ఏదో పొడుస్తూనే ఉండేదానివి. నాకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అప్పుడెక్కడ చచ్చింది ఈ ఫోను?

సాయంత్రం తిరిగిచ్చేస్తూ, నచ్చలేదని చెప్పాను.

"ఏం, మీటలు మరీ చిన్నవా?" అన్నాడు మేనేజరు.

"అవునండి" అన్నాను.