ఖాళీగా వదిలిన మూల

కర్నూలు,
బుధవారం

ప్రియమైన అబ్బాకు, మీ శిరీన్ సలాములు.

ఫోన్‌లో చెప్పే ధైర్యం చాలక రాస్తున్నాను. ఇక్కడ కొత్తగా తెరిచే చిత్రాల గ్యాలరీకి దారి చూపే బోర్డులన్నీ నేనే చేశానని గొప్పలు పోయాను కదా. మొన్న ఆదివారం నలభై మందిని పిలిచి నడిపించి చూస్తే ఆ గొప్పంతా దిగిపోయింది. యశోద అనే అమ్మాయి వేసిన బొమ్మ చూడాలని వాళ్లమ్మ భీమక్క ఆదోని దగ్గరి పల్లె నుంచి వచ్చింది. మూడుసార్లు తిరిగి, మూడుసార్లూ సామాన్ల గదికే చేరింది. నేను పరుగున వెళ్లేసరికి బస్సుకు వేళయిందని లేస్తోంది. "శానా తిరిగితిని మ్మా. నా బిడ్డ బొమ్మ యాడుండాదో కనపడకపాయె" అని, చూడకుండానే వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. సోమవారం గ్యాలరీ తెరుస్తారు. అప్పటికి సరిచేయకపోతే పని వేరేవాళ్లకు ఇస్తామన్నారు.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. నందికొట్కూరులో ఏ అంగడికి బోర్డు రాయాలన్నా మీరు ముందు కుంచె పట్టేవారు కాదు. సుద్దముక్క పట్టుకుని పొద్దంతా ఎదుటి అరుగు మీద కూర్చునేవారు. పోయేవాళ్ల కాళ్లు ఎక్కడ తటపటాయిస్తే అక్కడ నేల మీద ఒక గీత. "బోర్డు అంగడికి కాదు బేటీ, ఆగిన మనిషికి రాయల్ల" అనేవారు. మేం నవ్వేవాళ్లం. ఈ రెండు రోజులూ నేనూ అదే చేశాను. గీతలన్నీ రెండు హాళ్లు కలిసే మలుపుల్లో పడ్డాయి. నా బోర్డులేమో అందంగా తలుపుల పక్కన ఉన్నాయి! అన్నీ ఆ మలుపుల్లోకి మార్చేశాను. మీరెంత గొప్ప పనివారో నాకు ఇన్నాళ్లకు తెలిసింది అబ్బా.

ఇంకొకటి ఒప్పుకోవాలి. మా నాన్న వ్యాపారం చేస్తారని ఇక్కడ చెప్పుకున్నాను. బోర్డులు రాస్తారని చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇవాళ అందరి ముందూ నిజం చెప్పేశాను. మీరు రాసిన ప్రతి బోర్డుకూ కింది మూలన మీ పేరు రాసుకునేవారు కదా. మొదటి బోర్డులో ఆ మూల ఖాళీగా ఉంచాను. వచ్చి మీ పేరు రాయండి.

మీ
శిరీన్


నందికొట్కూరు,
మంగళవారం

బంగారు బేటీకి అబ్బా దువా.

వ్యాపారం సంగతి నాకెప్పుడో తెలుసు. కర్నూలులోని నీ స్నేహితురాలు ఫిరోజా ఒకసారి మనింటికొచ్చి "మీ దుకాణం యాడ చాచా?" అని అడిగింది. మనసు చివుక్కుమంది. మీ అమ్మకు కూడా చెప్పలేదు. నువ్వే చెప్పావు, ఇక ఆ మాట వదిలెయ్.

నిన్న నీ పనికి అడ్డం కాకూడదని, నీకు చెప్పకుండా జనంలో కలిసి వచ్చాను. జేబులో సుద్దముక్క వేసుకునే వచ్చాను, నా బుద్ధి పోదు కదా. తీసే పనే పడలేదు. నా ముందు నడిచిన ఒక పెద్దావిడ ఎవరినీ అడగలేదు, ఎక్కడా ఆగలేదు. చివరి హాల్లో ఒక బొమ్మ ముందు మాత్రం నిలబడిపోయింది. "నా బిడ్డ వేసిండాదప్పా" అని నాకు చూపించింది. పేరడిగితే భీమక్క అంది. నలభై ఏళ్లు అంగళ్లకు బోర్డులు రాశాను, ఇంత పని నా చేత కాలేదు. మెట్ల దగ్గరి బోర్డు మాత్రం ఒక జానెడు కిందికి దించు. ఆమె మెడ ఎత్తాల్సి వచ్చింది.

అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు కాపలా రామాంజిని బతిమాలి, ఆ ఖాళీ మూలలో రాసేశాను. నువ్వింకా చూసినట్టు లేవు. నువ్వు అడిగిన పేరు రాయలేదు. పని ఎవరిదో వాళ్ల పేరే రాయాలి. "శిరీన్" అని రాశాను.

మీ అబ్బా,
ఖాసిం వలి